1684 నాటి దారి తగాదా: ఒక పాత కోర్టు కట్టను చదివిన తీరు

ఇంగ్లండ్‌లోని పాత కోర్టు రికార్డులు, చర్చి రిజిస్టర్లు, ఆస్తి పత్రాలు చదివి నివేదికలు రాసివ్వడం నా వృత్తి. ఎక్కువగా వంశ చరిత్ర తెలుసుకోవాలనుకునే కుటుంబాలు వస్తాయి. అప్పుడప్పుడు చర్చి కమిటీలు, స్థానిక చరిత్ర సంఘాలు కూడా అడుగుతాయి. ఇక్కడ రాస్తున్నది కలిసి ప్రయాణించిన ఇద్దరు మనుషుల గొడవ, అందులో ఒకరి చావు. మూడు వందల ఏళ్లు దాటినా ఆ చావు ఒక ఊళ్లో రెండు కుటుంబాల మధ్య టెన్షన్ తెచ్చింది. అందుకే ఊరి పేరు, కుటుంబాల పేర్లు, అప్పటి మనుషుల పేర్లు ఏవీ చెప్పడం లేదు. చనిపోయినవాణ్ణి మృతుడు అని, పొడిచినవాణ్ణి నిందితుడు అని, వాళ్లతో పాటు ఉన్నవాణ్ణి మూడో మనిషి అని పిలుస్తాను.

నేపథ్యం

ముగ్గురూ యార్క్‌షైర్ వెస్ట్ రైడింగ్ ప్రాంతంలో ఉన్ని బట్ట నేయించి అమ్ముకునే చిన్న వ్యాపారులు. పొలం కొంచెం, మగ్గం ఒకటో రెండో, ఏడాదిలో కొన్నిసార్లు లండన్ ప్రయాణం. లండన్‌లో బ్లాక్‌వెల్ హాల్ అనే బట్టల మార్కెట్ ఉండేది. సరుకు అక్కడ అమ్మి గ్రేట్ నార్త్ రోడ్డు మీదుగా ఇంటికి వచ్చేవారు. దొంగల భయం వల్ల ఒంటరిగా ఎవరూ బయల్దేరేవారు కాదు. అప్పటికి పల్లెల్లో బ్యాంకులు లేవు కాబట్టి అమ్మకం డబ్బు వెండి నాణేల రూపంలో మనిషి ఒంటి మీదే ఉండేది. కలిసి వెళ్లేవాళ్లు దారి ఖర్చులకు ఒక ఉమ్మడి సంచి పెట్టుకోవడం, సత్రంలో ఒకే మంచం మీద పడుకోవడం మామూలే. మనిషికి మనిషి తోడు లేకపోతే ఆ దారి దాటడం కష్టం. తోడు వచ్చినవాడి మీద అనుమానం పుడితే మాత్రం తప్పించుకుని పోవడానికి చోటుండదు.

1683–84 చలికాలం ఇంగ్లండ్ చరిత్రలో పేరుపడ్డది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మొదటివారం దాకా గడ్డకట్టిన చలి. థేమ్స్ నది గట్టిపడి దాని మీద దుకాణాలు వెలిశాయి. మంచు కరగడం మొదలయ్యాక ఈ ముగ్గురూ లండన్ నుంచి బయల్దేరారు. చలికి ఆగిపోయిన వ్యాపారం, అనుకున్నదానికంటే పెరిగిన బస ఖర్చు, కరిగిన మంచుతో బురదైన దారి. ఇంటికి ఒకటి రెండు రోజుల దూరంలో, నాటింగమ్‌షైర్ ఉత్తర భాగంలోని ఒక సత్రంలో గొడవైంది. ఒకడికి కత్తిపోటు పడింది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

మృతుడి వంశంలోని ఒక పెద్దాయన వేరే దేశంలో స్థిరపడ్డారు. పూర్వీకుడి పేరిట సొంతూరి చర్చి గోడకు ఒక ఫలకం పెట్టించాలనుకున్నారు. అందులో రాయించదలచిన మాటలు ఇవి: ఫలానా వ్యక్తి, డబ్బు కోసం తన స్నేహితుడి చేతిలో దారుణంగా హత్యకు గురయ్యాడు. ఆ స్నేహితుడి పేరు కూడా ఉంటుంది.

అది అరుదైన ఇంటిపేరు. ఆ ఇంటిపేరు వాళ్లు ఇప్పటికీ అదే ఊళ్లో ఉన్నారు, అదే చర్చికి వెళతారు. ఇంగ్లండ్ చర్చిలో గోడకు ఫలకం పెట్టాలంటే ఆ డయోసిస్ (ఒక బిషప్ పరిధి) చర్చి కోర్టు అనుమతి కావాలి, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. వాళ్లు చెప్పారు. చర్చి కమిటీ ఇద్దరినీ కూర్చోబెట్టి, పత్రాలు ఏమంటున్నాయో ముందు తేల్చమని నన్ను పిలిచింది.

పెద్దాయన దగ్గర రెండు ఆధారాలున్నాయి. ఒకటి ఇంట్లో తరతరాలుగా చెప్పుకున్న కథ. రెండోది పంతొమ్మిదో శతాబ్దపు స్థానిక చరిత్ర పుస్తకంలో ఒక పేరా. ఆ పేరాలో ఎక్కడినుంచి తీసుకున్నారో లేదు, భాష మాత్రం చాలా ఉద్వేగంగా ఉంది. రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒకదానికొకటి సాక్ష్యమని ఆయన నమ్మకం. పుస్తకం రాసినవాళ్లు ఆ ఊరి పెద్దలను అడిగి రాసి ఉంటే, అవి రెండు ఆధారాలు కావు, ఒకటే. ఈ మాట ఆయనకు మొదటి రోజే చెప్పాను. ఆయన బాధపడ్డారు, కానీ పని కొనసాగించమన్నారు.

వెతికి దొరకని చోట్లు

కథలో సత్రం నాటింగమ్‌షైర్‌లో ఉంది. అందుకని కుటుంబం అంతకుముందు పెట్టుకున్న పరిశోధకుడు ఆ కౌంటీ రికార్డులనే వెతికాడు. హత్యలాంటి పెద్ద నేరాలను అప్పట్లో అసైజ్ కోర్టులు విచారించేవి. లండన్ నుంచి జడ్జీలు సర్క్యూట్ల వారీగా గుర్రాల మీద తిరిగి, కౌంటీ కేంద్రాల్లో జైళ్లు ఖాళీ చేసేటట్టు కేసులు తేల్చి వెళ్లేవారు. నాటింగమ్‌షైర్ మిడ్‌ల్యాండ్ సర్క్యూట్ కిందికి వస్తుంది. ఆ సర్క్యూట్‌కు సంబంధించిన పదిహేడో శతాబ్దపు కాగితాలు దాదాపు ఏవీ మిగల్లేదు. అక్కడితో అతను వెతకడం ఆపేశాడు. కాగితం లేదు కాబట్టి కథే మిగిలింది, కథే నిజమని కుటుంబం తీర్మానించుకుంది.

తేదీ దగ్గర కూడా చిక్కు ఉంది. ఊరి చర్చి రిజిస్టర్‌లో మృతుణ్ణి పూడ్చిపెట్టిన తేదీ 1683 ఫిబ్రవరి చివర అని ఉంది. దాన్నిబట్టి కుటుంబం 1683 సంవత్సరపు కాగితాలన్నీ తిరగేసింది. ఇంగ్లండ్‌లో 1752 వరకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి రిజిస్టర్‌లోని 1683 ఫిబ్రవరి మన లెక్కలో 1684 ఫిబ్రవరి. అసైజ్ కాగితాలేమో రాజు పాలించిన సంవత్సరం ప్రకారం తేదీ వేస్తాయి. రెండో చార్లెస్ పాలన 1649 జనవరి 30 నుంచి లెక్క, కాబట్టి మనం వెతకాల్సింది ఆయన 36వ సంవత్సరం. వీళ్లు ఒక ఏడాది ముందు కట్టలు చూసి ఏమీ లేదనుకున్నారు.

రిజిస్టర్‌లోని అదే నమోదులో ఇంకో చిన్న వాక్యం ఉంది. 1678 చట్టం ప్రకారం శవాన్ని ఉన్ని బట్టలోనే చుట్టి పూడ్చాలి, అలా చేశామని ఎవరో ఒకరు ఎనిమిది రోజుల్లోగా ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఉన్ని వ్యాపారాన్ని నిలబెట్టడానికి చేసిన చట్టమది. మృతుడి విషయంలో ఆ ప్రమాణం చేసిన స్త్రీ ఇంటిపేరు నిందితుడి ఇంటిపేరే. ఆవిడ అతనికి ఏమవుతుందో రిజిస్టర్ చెప్పదు, కాబట్టి దీన్నుంచి నేనేమీ తేల్చలేదు. కానీ శవాన్ని సిద్ధం చేసిన చేతులు పగవాళ్ల ఇంటివి కావచ్చనే సంగతి కుటుంబ కథలో ఎక్కడా లేదు. దాన్ని విడిగా రాసిపెట్టుకున్నాను.

అతను ఎక్కడ చనిపోయాడు?

ఈ కేసులో అతి ముఖ్యమైన నిర్ణయం ఇక్కడే జరిగింది. అందరూ గొడవ ఎక్కడ జరిగిందని అడిగారు. నేను అడగాల్సింది మనిషి ఎక్కడ చనిపోయాడని.

సత్రంలో పోటు పడిన మనిషి సొంతూరి చర్చిలో పూడ్చబడ్డాడు. సత్రానికి, ఊరికి మధ్య బురద దారి. చనిపోయాక అంత దూరం మోసుకొచ్చారా, బతికుండగా తెచ్చారా? మామూలుగా అప్పట్లో దారిలో చనిపోయినవాణ్ణి అక్కడి చర్చిలోనే పూడ్చేవారు, ధనవంతుల శవాలను మాత్రమే ఇంటికి తెచ్చేవారు. ఇతను ధనవంతుడు కాడు. కాబట్టి గాయంతో బతికుండగానే బండి మీద ఇంటికి చేర్చి ఉంటారని, యార్క్‌షైర్‌లోనే ప్రాణం పోయి ఉంటుందని ఊహించాను.

ఊహ నిజమైతే చట్టం మారుతుంది. పాత ఇంగ్లీషు చట్టంలో ఒక చిక్కుండేది. ఒక కౌంటీలో దెబ్బ, ఇంకో కౌంటీలో చావు అయితే ఏ జ్యూరీ విచారించాలి? జ్యూరీ తన కౌంటీలో జరిగిందే తేల్చగలదని అప్పటి నమ్మకం. ఈ చిక్కువల్ల నేరస్థులు తప్పించుకుంటున్నారని 1548లో పార్లమెంటు చట్టం చేసింది: చావు జరిగిన కౌంటీలో అభియోగం మోపవచ్చు, విచారించవచ్చు. మన న్యాయవాదులకు 2024 దాకా అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 179వ సెక్షన్ గుర్తొస్తుంది, పని జరిగిన చోటైనా దాని ఫలితం తేలిన చోటైనా కేసు నడపవచ్చన్నది.

అంటే ఈ కేసు మిడ్‌ల్యాండ్ సర్క్యూట్‌లో కాకుండా యార్క్ కాజిల్‌లో, నార్తర్న్ సర్క్యూట్ ముందుకు వచ్చి ఉండాలి. మా వృత్తిలో నార్తర్న్ సర్క్యూట్ అనే మాట వినగానే ఆశ పుడుతుంది. పదిహేడో శతాబ్దపు సాక్షుల వాంగ్మూలాలు విస్తారంగా మిగిలింది ఆ ఒక్క సర్క్యూట్‌కే. ఇప్పుడవి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో కొన్ని ఎంచి 1861లో సర్టీస్ సొసైటీ ఒక సంపుటిగా అచ్చేసింది కానీ అది కొద్ది భాగమే. ఈ కేసు అందులో లేదు. అసలు కట్టలే విప్పాలి.

1684 వేసవి అసైజ్ కట్టలో కేసు దొరికింది. మార్చిలో జరిగిన అసైజ్‌కు కాగితాలు అందలేదు, ఎందుకంటే నిందితుడు పారిపోయాడు. రెండు వారాల తర్వాత లింకన్‌షైర్‌లో దొరికాడు.

కట్టలో ఉన్నవి

రెండు అభియోగపత్రాలు, కరోనర్ (అసహజ మరణాలను విచారించే అధికారి) శవపంచనామా, నలుగురి వాంగ్మూలాలు, నిందితుడి వివరణ.

అభియోగపత్రాలు లాటిన్‌లో ఉన్నాయి. 1650లలో క్రామ్‌వెల్ కాలాన్ని వదిలేస్తే 1733 దాకా అదే పద్ధతి. నిందితుడు దైవభీతి లేక, సైతాను ప్రేరణతో, ముందే తలచుకున్న దురుద్దేశంతో పొడిచాడని ఉంది. దీన్ని చూపించగానే పెద్దాయన, చూశారా హత్యే అన్నారు. ఆ వాక్యం హత్యాభియోగాలన్నిటా ఉండే అచ్చు. కత్తి ఖరీదెంత, గాయం వెడల్పెంత, లోతెంత అని కూడా చట్టం కోసం రాసేవారు. నిందితుడి వృత్తి, నివాసం కూడా చాలాసార్లు నమ్మదగ్గవి కావు. ఈ పత్రంలో బట్టల వ్యాపారిని కూలివాడని రాశారు. అభియోగపత్రం ఏ నేరం మోపారో చెబుతుంది. ఏం జరిగిందో తెలుసుకోవాలంటే వాంగ్మూలాలు చదవాలి.

వాంగ్మూలాలు ఇంగ్లీషులో ఉన్నాయి. 1550లలో చేసిన చట్టాల ప్రకారం స్థానిక మేజిస్ట్రేటు సాక్షులను, నిందితుణ్ణి అడిగి రాతలో పెట్టి అసైజ్‌కు పంపాలి. వాటి సారం ఇది.

సత్రం యజమానురాలు: ముగ్గురూ చీకటి పడుతుండగా వచ్చారు, తిన్నారు, తాగారు. లెక్క కట్టేటప్పుడు మృతుడు హాఫ్ క్రౌన్ అనే వెండి నాణెం ఒకటి ఇచ్చాడు. అంచులు బాగా కత్తిరించి ఉందని ఆమె తీసుకోలేదు. మృతుడు నిందితుడి వైపు తిరిగి, ఇది నువ్వు నాకు ఇచ్చిన వాటాలోదే అన్నాడు. మాటా మాటా పెరిగింది. మృతుడు చేతికర్రతో లేచాడు. పోటు పడటం ఆమె చూడలేదు, రక్తం చూసింది. అతను బల్ల మీద కూలబడి మళ్లీ లేవలేదు.

గుర్రాల దగ్గర పనిచేసే కుర్రవాడు: అరుపులు విని లోపలికి వచ్చేసరికి నిందితుడి చేతిలో కత్తి ఉంది. మృతుడి చేతిలో ఏ ఆయుధమూ లేదు. నిందితుడు బయటికి పరుగెత్తాడు, ఎవరూ ఆపలేదు.

మూడో మనిషి: మృతుడు ఆయుధం దూయలేదు, ముందుగా కొట్టలేదు. నిందితుడు ఊరికే పొడిచాడు. పోటు పడగానే మృతుడు కూలిపోయాడు.

లింకన్‌షైర్ కానిస్టేబుల్: ఒక పశువుల కొట్టంలో నిందితుణ్ణి పట్టుకున్నాడు. తల పగిలి గుడ్డ కట్టి ఉంది, గాయం పచ్చిగానే ఉంది. దగ్గర దొరికిన డబ్బు కొద్ది షిల్లింగులు.

నిందితుడు: రెండుసార్లు తల మీద కొట్టాడు, బెదిరించడానికి తిండి కోసుకునే కత్తి తీశాను, అతనే మీదికి వచ్చాడు. గాయం చిన్నది, చలిలో బండి మీద మోసుకెళ్లడం వల్ల చనిపోయాడు.

నాణెం గురించి ఒక్క మాట చెప్పకపోతే కోపం ఎంత పెద్దదో అర్థం కాదు. 1660ల నుంచి యంత్రంతో ముద్రించిన నాణేలు వచ్చినా, సుత్తితో కొట్టి చేసిన పాత వెండి నాణేలే 1696 దాకా ఎక్కువగా చెలామణిలో ఉన్నాయి. వాటి అంచులు కత్తిరించి వెండి పోగుచేసుకునేవారు చాలామంది. ఆ పని రాజద్రోహం, దొరికితే మరణశిక్ష. కాబట్టి నలుగురిలో ఒకణ్ణి, ఈ కత్తిరించిన నాణెం నీ దగ్గరనుంచి వచ్చిందే అనడం చిల్లర విషయం కాదు. పక్కనున్నవాళ్లు నమ్మితే అది ఉరితాడు దాకా వెళ్లే మాట.

చట్టం అడిగిన ప్రశ్న, అడగని జవాబు

మొదటి చూపులో ఇద్దరు సాక్షులు నిందితుడికి వ్యతిరేకం, ఒకరు అస్పష్టం. సంఖ్య చూసి తేల్చేస్తే పెద్దాయన ఫలకమే నిలబడుతుంది. నేను అక్కడ ఆగలేదు. కారణం కుర్రవాడు, మూడో మనిషి చెప్పిన ఆ రెండు విషయాలే: ఆయుధం దూయలేదు, ముందుగా కొట్టలేదు.

1604లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆయుధం దూయని మనిషిని, లేదా ముందుగా తనను కొట్టని మనిషిని ఎవరైనా పొడిచి, ఆ మనిషి ఆరు నెలల్లోపు చనిపోతే, ముందస్తు దురుద్దేశం లేకపోయినా పొడిచినవాడికి క్లర్జీ వెసులుబాటు (బైబిలు వాక్యం చదివి ఉరి తప్పించుకునే పాత అవకాశం) ఉండదు, ఉరే. సాక్షుల నోట వచ్చిన రెండు విషయాలూ ఆ చట్టంలోని రెండు షరతులే. అంటే వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. మేజిస్ట్రేటు ఆ రెండు ప్రశ్నలే అడిగాడు, గుమస్తా జవాబును చట్టానికి సరిపోయేలా రాశాడు. రెండు వాంగ్మూలాలూ ఒకే మేజిస్ట్రేటు దగ్గర, ఒకే చేతిరాతలో ఉన్నాయి. సత్రం యజమానురాలి వాంగ్మూలం నాటింగమ్‌షైర్‌లో వేరే మేజిస్ట్రేటు తీసుకున్నాడు. అందులో ఈ మాటలు లేవు, నాణెం ఉంది, కర్ర ఉంది.

వాంగ్మూలాలను చదివేటప్పుడు నేను వాటిని రెండుగా విడగొడతాను. ఒకవైపు చట్టం అడిగినందుకు చెప్పినవి. మరోవైపు ఎవరూ అడగకుండా దొర్లినవి. ఈ రెండోరకం వాక్యాలు నాకు ఎక్కువ విలువైనవి, ఎందుకంటే వాటిని మలచాల్సిన అవసరం ఎవరికీ లేదు. కానిస్టేబుల్ చెప్పిన పగిలిన తల అలాంటిదే. అతను లింకన్‌షైర్ మనిషి, ఇద్దరినీ ఎరగడు, గొడవ ఎలా జరిగిందో అతనికి తెలియదు. పట్టుకున్న మనిషి ఎలా ఉన్నాడో చెప్పాడంతే.

ఇప్పుడు ఆ తలగాయాన్ని మిగతా మాటల పక్కన పెట్టి చూడండి. పోటు పడగానే మృతుడు కూలిపోయాడని, మళ్లీ లేవలేదని యజమానురాలు, మూడో మనిషి ఇద్దరూ అన్నారు. నిందితుణ్ణి ఎవరూ ఆపలేదని కుర్రవాడు అన్నాడు. అలాంటప్పుడు నిందితుడి తల ఎప్పుడు పగిలింది? పోటు తర్వాత కొట్టే శక్తి మృతుడికి లేదు, వేరేవాళ్లు ముట్టుకోలేదు. కర్ర దెబ్బ పోటుకంటే ముందే పడి ఉండాలి. మూడో మనిషి చెప్పిన కూలిపోవడమే, అతను చెప్పిన ముందుగా కొట్టలేదనే మాటను నిలవనివ్వడం లేదు. కుర్రవాడు లోపలికి వచ్చేసరికి కర్ర చేతిలోంచి జారిపోయి ఉండొచ్చు, అతని మాటకు అడ్డేమీ లేదు.

నేనిక్కడ కావాలనే నిందితుడి వివరణను వాడలేదు. నిందితుణ్ణి ప్రమాణం చేయించకుండా అడిగేవారు. అప్పటి పద్ధతిలో అతనికి వాస్తవాల మీద వాదించే లాయరు ఉండడు. అతని తరఫు సాక్షులు ప్రమాణం మీద చెప్పే హక్కు 1702లోగానీ రాలేదు. ప్రాణభయంలో ఉన్న మనిషి మాట నిజమే కావచ్చు, కానీ నా తర్కం దాని మీద నిలబడకూడదు. పారిపోవడాన్ని కూడా నేరానికి రుజువుగా తీసుకోలేదు. దోషి కాడని తేలినా, పారిపోయాడని జ్యూరీ చెబితే ఆస్తి జప్తయ్యే రోజులవి. అయినా మనుషులు పారిపోయేవారు, జైలు జ్వరంతోనే చనిపోయేవాళ్లు ఎందరో.

చలి వల్లే చనిపోయాడన్న అతని వాదనకు మాత్రం చట్టంలో బలం లేదు. గాయం తనంతట తాను ప్రాణాంతకం కాకపోయినా, సరైన వైద్యం లేక జ్వరం వచ్చి చనిపోతే ఆ చావు గాయం చేసినవాడి మీదే పడుతుందని జడ్జి మాథ్యూ హేల్ రాశాడు. కరోనర్ జ్యూరీ కూడా గాయమే కారణమంది.

డబ్బు సంగతి

పెద్దాయన కథలో డబ్బు కోసం చంపాడన్నది గుండెకాయ. దానికి వాంగ్మూలాలు చాలవు. అందుకని యార్క్‌లోని బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్‌లో మృతుడి ఆస్తి జాబితా వెతికాను. మనిషి పోయాక ఇరుగుపొరుగు నలుగురు వచ్చి ఇంట్లో వస్తువులన్నీ విలువకట్టి రాసేవారు. మొట్టమొదటి వరుసలో దాదాపు ఎప్పుడూ ఉండేది డబ్బుసంచి, ఒంటి బట్టలు. ఇతని జాబితాలో ఆ వరుస ఎదురుగా ఉన్న మొత్తం, ఇంట్లో మిగతా వస్తువులన్నిటి విలువకంటే పెద్దది. లండన్‌లో బట్ట అమ్మి తిరిగొస్తున్న మనిషి దగ్గర ఉండాల్సినంత. సంచి ఇంటికి చేరింది. పట్టుకున్నప్పుడు నిందితుడి దగ్గర ఉన్నది కొద్ది షిల్లింగులు.

ఈ ఒక్క కాగితం చూశాకే పెద్దాయన మెత్తబడ్డారు. చట్టం, తర్కం ఆయనకు దూరంగా అనిపించాయి. తన పూర్వీకుడి సంచి, చొక్కా, మంచం, రెండు మగ్గాలు పేరుపేరునా రాసి ఉన్న జాబితాను మాత్రం చాలాసేపు చదువుకున్నారు.

తీర్పు, దాని తర్వాత

అభియోగపత్రం మీద గుమస్తా రాసిన పొడిమాటల ప్రకారం: హత్యకు దోషి కాడు, నరహత్యకు (ముందస్తు దురుద్దేశం లేకుండా చంపడానికి) దోషి. 1604 చట్టం కింద మోపిన రెండో అభియోగంలో దోషి కాడు. పుస్తకం అడిగాడు, చదివాడు, వేలు కాల్చి వదిలారు. నరహత్య చేసినవాడు క్లర్జీ వెసులుబాటు అడిగి బైబిలులోని వాక్యం, సాధారణంగా 51వ కీర్తన మొదటి వాక్యం, చదివితే ఉరి తప్పేది. ఎడమ బొటనవేలి మీద వాత పెట్టి వదిలేవారు, రెండోసారి ఆ వెసులుబాటు దొరకదు. చదివాడని రాసినంత మాత్రాన అతనికి చదువొచ్చని అనుకోకూడదు, ఆ వాక్యం కంఠస్థం చేసినవాళ్లు చాలామంది.

జ్యూరీ కూడా కర్ర దెబ్బ ముందు పడిందనే నమ్మిందని ఈ తీర్పు చెబుతుంది. మాటలు ఎంత పరుషంగా ఉన్నా అవి హత్యను నరహత్యగా తగ్గించవని 1666లో లార్డ్ మోర్లీ కేసులో జడ్జీలు తేల్చారు. కాబట్టి నాణెం గురించిన నింద ఒక్కటే ఉంటే నిందితుడికి అది సాయపడేది కాదు, దెబ్బ కావాలి. అప్పటికప్పుడు పుట్టిన గొడవలో, ముందస్తు పథకం లేకుండా జరిగిన చావును వేరుగా చూడాలన్న ఈ ఆలోచనే తర్వాత 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 300వ సెక్షన్ నాలుగో మినహాయింపుగా మన దేశానికి వచ్చింది. 2024లో ఆ కోడ్ స్థానంలో కొత్త చట్టం వచ్చేదాకా మన కోర్టుల్లో 302 (హత్య), 304 (హత్య కాని నరహత్య) సెక్షన్ల మధ్య జరిగిన వాదన ఇలాంటి సత్రాల గొడవల మీద పెరిగిన చట్టం నుంచే వచ్చింది.

తీర్పు దొరికింది కదా, నరహత్య అని ఫలకం మీద రాస్తే సరిపోతుందని చర్చి కమిటీ అనుకుంది. కుదరలేదు. చంపినట్టు కోర్టే చెప్పింది కదా, పేరు ఉండాలని మృతుడి వైపువాళ్లు. హత్య కాదని కోర్టే చెప్పింది కదా, మా పేరు ఎందుకని అవతలివాళ్లు. ఒకే తీర్పును ఇద్దరూ తమ వైపు లాక్కున్నారు. దానికి కారణం తీర్పు ఒక్కమాటలో ఉండటమే.

అందుకని నివేదికను వేరేగా రాశాను. తీర్పును చివరికి నెట్టి, ప్రతి కాగితం ఎవరు రాశారు, ఎవరి ప్రశ్నకు జవాబుగా రాశారు, అందులో అడగకుండా వచ్చిన మాట ఏది అన్నది ముందు పెట్టాను. రెండు కుటుంబాలనూ ఒకే గదిలో కూర్చోబెట్టి వాంగ్మూలాల ఫోటోలు, వాటి పక్కన సాఫీగా రాసిన పాఠం ఇచ్చాను, బిగ్గరగా చదివించాను. సత్రం యజమానురాలి మాటలు అవతలి కుటుంబంలోని ఒకావిడ చదివారు. కర్ర, నాణెం, కూలబడటం అనే వరుస వింటున్నకొద్దీ గదిలో వాదన తగ్గింది. ఉన్ని బట్ట ప్రమాణ పత్రం గురించి చెప్పినప్పుడు రెండు వైపుల నుంచీ ప్రశ్నలు వచ్చాయి, నేను తేల్చలేనని చెప్పాను.

ఫలకం మీద చివరికి ఒప్పుకున్న మాటలు: 1684 ఫిబ్రవరిలో లండన్ నుంచి ఇంటికి వస్తూ, దారిలో జరిగిన తగాదాలో తగిలిన గాయంతో మరణించాడు. నిందితుడి పేరు లేదు. పెద్దాయన సంతకం పెట్టారు. ఆయన అక్కగారు పెట్టలేదు, హత్య అనే మాట తీసేయడం ఆవిడకు ఇప్పటికీ ఇష్టం లేదు. ఆవిడ బాధ నాకు అర్థమవుతుంది. చిన్నప్పటి నుంచి విన్న కథలో తన మనిషి ఏ తప్పూ లేనివాడు. కాగితాల్లో అతని చేతిలో కర్ర ఉంది.

ఇలాంటి పని చేసేవాళ్లకు

రెండు కౌంటీలు కలిసే చోట జరిగిన చావు అయితే, రికార్డు లేదని తేల్చేముందు మనిషి ప్రాణం ఎక్కడ పోయిందో చూడండి. పూడ్చిన ఊరే మొదటి ఆధారం. జనవరి నుంచి మార్చి 24 వరకు వచ్చే ప్రతి తేదీకి పక్కన రెండు సంవత్సరాలూ రాసుకోండి. దోపిడీ అన్న మాట వస్తే వాంగ్మూలాలతో ఆగకుండా ఆస్తి జాబితా వెతకండి. అది గొడవతో సంబంధం లేని మనుషులు, వేరే పని కోసం రాసిన కాగితం.

అభియోగపత్రం వెనకవైపు కూడా తప్పక చూడండి. గ్రాండ్ జ్యూరీ (కేసును విచారణకు పంపాలో లేదో ముందుగా తేల్చే జ్యూరీ) ముందు చెప్పాల్సిన సాక్షుల పేర్లు అక్కడ ఉంటాయి, ప్రమాణం చేసినవాళ్ల పేర్లకు గుర్తు ఉంటుంది. ఈ కేసులో సత్రం యజమానురాలికి, కుర్రవాడికి, కానిస్టేబుల్‌కు గుర్తు ఉంది. మూడో మనిషి పేరు ఉంది, గుర్తు లేదు. అసైజ్‌కు హాజరవుతానని మేజిస్ట్రేటు ముందు పూచీ రాసిచ్చిన మనిషి, అందరికంటే గట్టిగా నిందితుణ్ణి వేలెత్తి చూపిన మనిషి, ప్రమాణం చేయలేదు. భయపడ్డాడని, అబద్ధం చెప్పాడని, ఎవరో ఆపారని రాయమని రెండు కుటుంబాల నుంచీ నన్ను అడిగారు. జబ్బు పడి ఉండొచ్చు, యార్క్ దాకా రాలేకపోయి ఉండొచ్చు. ఏ కారణానికీ కాగితం లేదు కాబట్టి నివేదికలో, పేరు ఉంది, ప్రమాణం చేసినట్టు గుర్తు లేదు అని మాత్రమే రాశాను.